కార్తెను బట్టి కెమెరా: ఓరుగల్లు చుట్టుపక్కల ఏడాది పొడవునా ప్రకృతి చిత్రాలకు వస్తువును వెతుక్కునే పద్ధతి

వరంగల్, ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల, ఆదిలాబాద్ జిల్లాల్లో ప్రకృతి చిత్రాలు తీసేవారిలో చాలామంది ఏడాదిలో రెండు మూడు సందర్భాలకే కెమెరా బయటికి తీస్తారు. వానలు ముదిరాక బొగత జలపాతం, చలికాలంలో పాకాల మీద పొగమంచు, ఫాల్గుణంలో మోదుగు పూలు. మిగతా నెలల్లో తీయడానికి ఏమీ ఉండదన్న మాట తరచుగా వినిపిస్తుంది. నేను ఆ మాటను ఒప్పుకోను. మన నేల మీద పదమూడు, పద్నాలుగు రోజులకోసారి ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది. ఆ మార్పును గుర్తుపట్టడానికి వానాకాలం, చలికాలం, ఎండాకాలం అన్న మూడు పేర్లు చాలవు. రైతులు వాడే కార్తెల లెక్క అందుకు సరిగ్గా సరిపోతుంది. ఆ లెక్కను ఆధారం చేసుకుని వస్తువును వెతుక్కోవడం ఎలాగో ఒక్కొక్క మెట్టుగా వివరిస్తాను.

మొదటి మెట్టు: కార్తెల పుస్తకం తయారు చేసుకోవడం

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలమే కార్తె. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13 లేదా 14 రోజులు. ఇది సూర్యుణ్ణి బట్టి కట్టిన లెక్క కనుక తిథుల్లాగా ఏటా వెనకా ముందూ కాదు. మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో, రోహిణి మే 25 ప్రాంతంలో వస్తాయి. తేడా ఉన్నా ఒక రోజుకు మించదు. ఈ స్థిరత్వం ఛాయాచిత్రకారునికి చాలా ఉపయోగం. నిరుడు ఆశ్లేషలో చూసినదాన్ని ఈ ఏడు ఆశ్లేషలో వెతకవచ్చు, దొరకకపోతే వాన ఎన్ని రోజులు వెనకబడిందో అంచనా వేయవచ్చు.

ఒక మంచి నోటుపుస్తకం తీసుకుని ఒక్కో కార్తెకు రెండు పేజీలు కేటాయించండి. ఎడమ పేజీలో ఆ రోజుల్లో పూసేవి, కాసేవి, చిగురించేవి, కనిపించే పిట్టలు, పురుగులు రాయండి. కుడి పేజీలో నీరు ఎంత ఉంది, పొలంలో ఏ పని జరుగుతోంది, వెలుగు ఎటువైపు నుంచి పడుతోంది అన్నవి రాయండి. మొదటి ఏడు చాలా పేజీలు ఖాళీగానే ఉంటాయి, వాటిని ఊహతో నింపవద్దు. మీ కంటితో చూసినదీ, నమ్మదగిన మనిషి చెప్పినదీ వేర్వేరు సిరాలతో రాస్తే తరువాత గందరగోళం ఉండదు.

రెండో మెట్టు: ఒక చెరువును మీదిగా చేసుకోవడం

వస్తువు దొరకాలంటే దూరం వెళ్ళాలన్న నమ్మకం చాలామంది కాళ్ళను కట్టేస్తోంది. ఇంటి నుంచి అరగంటలో చేరగలిగిన ఒక చెరువును ఎంచుకుని ప్రతి కార్తెలో ఒక్కసారైనా అక్కడికి వెళ్ళడమే ఈ పద్ధతికి ఆయువుపట్టు. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరం మనకు ఎటూ ఉన్నాయి, సెలవు రోజుల్లో వెళ్ళవచ్చు. కానీ రోజూ పలకరించడానికి ఊరి చెరువే మేలు. మిషన్ కాకతీయలో పూడిక తీయాలని గుర్తించిన చెరువులు, కుంటలే రాష్ట్రంలో 46 వేలకు పైగా ఉన్నాయి కనుక మీకు దగ్గరలో ఒకటి లేకపోవడం అరుదు.

చెరువును మొత్తంగా ఒక దృశ్యంగా చూడకుండా భాగాలుగా విడదీసి చూడండి. కట్ట మీది తాళ్ళు, ఈతలు, తుమ్మలు వానాకాలంలో గిజిగాళ్ళకు గూళ్ళ చోటు. తూము కింది కాలువ గట్టు తూనీగలకూ లకుముకి పిట్టకూ నెలవు. మత్తడి (అలుగు) దుంకే రోజులు కొన్నే అయినా, ఆ రోజుల్లో చేపలు ఎదురెక్కుతాయి, వాటి కోసం కొంగలు కాచుకుంటాయి. ఇక శిఖం భూమి. నీరు వెనక్కి తగ్గేకొద్దీ బయటపడే ఈ నేలను మించిన చోటు మరొకటి లేదని నా అభిప్రాయం. కార్తీకంలో అది లోతు నీరు, మాఘంలో బురద, ఫాల్గుణంలో పచ్చిక, వైశాఖంలో నెర్రెలు. నాలుగు దశల్లో నాలుగు రకాల జీవులు దాన్ని వాడుకుంటాయి.

వెలుగు దిక్కును కూడా ఇక్కడే నేర్చుకోవాలి. వరంగల్‌లో జూన్ తొలివారంలో సూర్యుడు ఉదయం 5:40కి ముందే, తూర్పుకు బాగా ఉత్తరంగా పొడుస్తాడు. జనవరి మధ్యలో 6:45 ప్రాంతంలో, తూర్పుకు బాగా దక్షిణంగా పొడుస్తాడు. కట్ట మీద ఒకే చోట నిలబడి చూస్తే పొద్దు పొడిచే స్థానం ఏడాదిలో దాదాపు 50 డిగ్రీల మేర అటూ ఇటూ జరుగుతుంది. డిసెంబరులో వెనుక వెలుగుతో మెరిసిన తాటిచెట్టు జూన్‌లో పక్క వెలుగులో కనిపిస్తుంది. అందుకే ఒక స్థలం బాగాలేదని కొట్టివేసే ముందు ఏ కార్తెలో చూశారో సరిచూసుకోవాలి.

మూడో మెట్టు: చెప్పేవారిని సంపాదించుకోవడం

ఏ యాప్ కన్నా ముందు ఊళ్ళో నలుగురు మనుషులు కావాలి. ఉదయం, సాయంత్రం చెట్టెక్కే గీత కార్మికునికి ఏ తాటిమట్టలో ఏ పిట్ట గూడు పెట్టిందో తెలుస్తుంది. చెరువు నీళ్ళు వదిలే నీరటికి నీటిమట్టం రేపు ఎక్కడుంటుందో తెలుస్తుంది. గొర్ల కాపరి ఎండాకాలంలో నీళ్ళు మిగిలిన ఒర్రెలను చూపించగలడు. అడవి పక్క గూడెంలో ఇప్పపువ్వు ఏరే అమ్మను అడిగితే ఏ చెట్టు ముందు రాలుతుందో చెబుతుంది.

వారిని అడిగే తీరు ముఖ్యం. "ఇక్కడ ఫోటో తీయడానికి ఏముంది?" అంటే చాలామంది గుడినో గుట్టనో చూపిస్తారు. "కాకా, పోయిన కార్తెకూ ఈ కార్తెకూ ఏం మారింది? కొత్తగా ఏం పూసింది, ఏ పిట్ట కూత వినవస్తోంది?" అని అడగండి. తీసిన చిత్రాన్ని అచ్చువేయించి తీసుకెళ్ళి ఇస్తే, మరుసటి వారం వారే మీకు ఫోన్ చేస్తారు.

పిట్టల పేర్లు సరిచూసుకోవడానికి, పక్క జిల్లాల్లో ఏమి కనిపిస్తున్నాయో తెలుసుకోవడానికి చూసిన జీవులను నమోదు చేసే ఈ-బర్డ్, ఐనాచురలిస్ట్ వంటి యాప్‌లు పనికొస్తాయి.

నాలుగో మెట్టు: కార్తెల వెంట నడవడం

మృగశిర, ఆరుద్రలతో మొదలుపెట్టండి. ఏడాది మొత్తంలో వస్తువు అత్యంత వేగంగా మారే నెల ఇదే. తొలకరి పడ్డ రెండు మూడు రోజులకు ఎర్రచెలకల్లో, ఇసుక కలిసిన నేలల్లో ఆరుద్ర పురుగులు పైకి వస్తాయి. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే గడిపే ఈ పురుగు కొద్ది రోజులే కనిపిస్తుంది కనుక వాన పడ్డ మరునాటి ఉదయం తప్పకుండా వెళ్ళాలి.

నిలబడి పైనుంచి తీస్తే అది ఎర్రని చుక్క మాత్రమే. బోర్లా పడుకుని, మోచేతులు నేలకు ఆనించి, లెన్స్‌ను మట్టి ఎత్తుకు దించండి. అప్పుడు వీపు మీద మఖమల్ నూగు, ముందు కాళ్ళతో దారి తడుముకుంటూ నడిచే తీరు, ఇసుక రేణువు ఒక్కోటి దానికి గుండులా అడ్డురావడం కనిపిస్తాయి. చిన్నవాటిని దగ్గరి నుంచి తీసే మాక్రో లెన్స్ ఉంటే అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8 నుంచి ఎఫ్/11 వరకు, షట్టర్ వేగం 1/200 సెకనుకు తగ్గకుండా పెట్టుకోండి. మబ్బు వెలుగు చాలు, ఫ్లాష్ కొడితే నూగు మీద తెల్లని మెరుపు పడి మెత్తదనం పోతుంది. ఎరుపు రంగు కెమెరాలో త్వరగా పొంగిపోతుంది కనుక ఎక్స్‌పోజర్‌ను అర స్టాప్ నుంచి ఒక స్టాప్ వరకు తగ్గించి, ఎరుపు హిస్టోగ్రామ్‌ను (ఆ రంగు వెలుగు ఎంత పడిందో కెమెరా చూపే గ్రాఫ్‌ను) విడిగా చూసుకోవాలి. పురుగును అరచేతిలోకి తీసుకుని, నచ్చిన చోట పెట్టి తీయడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేని పద్ధతి. ఆ కొద్ది రోజుల్లోనే అది జత కట్టాలి, గుడ్లు పెట్టాలి.

ఇదే నెలలో చాతకం కూత వినబడుతుంది, నెమలి పురి విప్పుతుంది, ఊరి చివర చెట్లలో మిణుగురులు వెలుగుతాయి. మిణుగురులకు ముక్కాలి పీట (ట్రైపాడ్) మీద కెమెరా, 20 నుంచి 30 సెకన్ల ఎక్స్‌పోజర్, పూర్తి చీకటి కావాలి. టార్చి వేస్తే అవి ఆగిపోతాయి.

పునర్వసు, పుష్యమిలకు దమ్ము, నాట్లు ఊపందుకుంటాయి. ట్రాక్టర్ వెంట తిరిగే కొంగలను మామూలు దృశ్యమని వదిలేస్తారు గానీ, ఈ రోజుల్లో పశువుల కొంగకు తల, మెడ, వీపు నారింజ రంగు తిరుగుతాయి. మిగతా ఏడాది తెల్లగా ఉండే పిట్ట జత కట్టే కాలంలో వేసుకునే వేషమది. తెల్లని ఈకలు, నల్లని బురద ఒకే చిత్రంలో ఉంటే తెలుపు వివరం పోకుండా వెలుగు కొలవాలి, బురద నల్లగా పోయినా పరవాలేదు. చెరువు కట్ట మీద ఇదే సమయంలో పసుపు తలల గిజిగాడు గూడు అల్లుతుంటాడు. మగపిట్ట సగం గూడు, అంటే తలపాగా ఆకారం వరకు అల్లి రెక్కలాడిస్తూ పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతా సగమూ గొట్టమూ పూర్తవుతాయి. అందువల్ల ఒకే చెట్టు మీద పూర్తయిన గూళ్ళు, వదిలేసిన సగం గూళ్ళు రెండూ వేలాడుతుంటాయి. కథ అంతా ఆ రెంటి తేడాలోనే ఉంది. 300 మిల్లీమీటర్లు లేదా అంతకు మించిన లెన్స్, 1/1250 సెకను వేగం ఉంటే నోట్లో గడ్డిపోచతో వచ్చే పిట్ట స్పష్టంగా దొరుకుతుంది. మీరు నిలబడ్డాక పిట్ట అల్లడం ఆపితే ఎక్కువ దగ్గరికి వచ్చారని అర్థం, వెనక్కి జరగండి.

జలపాతాల విషయంలో నా సలహా వేరు. బొగతకు జులైలో, ఆగస్టులో పరుగెత్తేవారికి దొరికేది ఎక్కువగా ఎర్రని వరద. ఉత్తర, హస్త కార్తెల (సెప్టెంబరు రెండో సగం, అక్టోబరు తొలినాళ్ళు) నాటికి నీరు తేటపడి, రాతి పొరలు బయటపడి, చుట్టూ ఆకుపచ్చ ముదురుతుంది. నేరడిగొండ దగ్గరి కుంటాలకూ ఇదే వర్తిస్తుంది. పోలరైజర్ ఫిల్టర్‌తో తడి రాయి మీది మెరుపు తగ్గించి, పావు సెకను నుంచి అర సెకను వేగంతో తీస్తే నీటి దారలు విడివిడిగా నిలుస్తాయి. వరద రోజుల్లో వాగులను తక్కువ అంచనా వేయరాదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి తెల్లవారేసరికి నీట మునిగింది. పైన ఎక్కడో కురిసిన వాన మీరు నిలబడ్డ ఒర్రెకు రావడానికి ఎంతో సేపు పట్టదు.

ఉత్తర, హస్తల్లోనే బతుకమ్మ పూలు. తంగేడు మన రాష్ట్ర పుష్పమైనా, చిత్రానికి గునుగు మరింత లొంగుతుందని నా అనుభవం. పడావు భూముల్లో, చెలక గట్ల మీద గుంపులుగా లేచే తెలుపు, గులాబి కంకులను పొద్దు వాలే వేళ వెలుగుకు ఎదురుగా నిలబడి తీస్తే ప్రతి కంకికీ వెండి అంచు వస్తుంది. గాలి వీస్తుంటే దాన్ని అడ్డంకిగా భావించక 1/8 సెకనుకు తగ్గించి ఊగనివ్వండి. పూలు ఏరడానికి వచ్చే ఆడపడుచులు సాధారణంగా పండుగకు ముందే ఆ పొలాలను ఖాళీ చేస్తారు, కనుక పండుగ తొలిరోజైన ఎంగిలిపూల బతుకమ్మకు వారం ముందే మీ పని ముగించుకోవాలి.

చిత్త, స్వాతి కార్తెల్లో మంచు బొట్లు పట్టిన సాలెగూళ్ళు, తడి మట్టి మీద గుమిగూడే సీతాకోకచిలుకలు పుష్కలం. విశాఖ నుంచి వలస బాతులు రావడం మొదలవుతుంది. మంచి చెరువుల్లో సూదితోక బాతులు, అదృష్టం బాగుంటే హిమాలయాలు దాటి వచ్చే పట్టెతల బాతులు కనిపిస్తాయి. గుంపు మొత్తం ఎగిరే చిత్రం కోసం వాటిని బెదరగొట్టడం క్షమించరాని పని. అంత దూరం వచ్చిన పిట్టకు ఇక్కడ తినడానికీ సేదతీరడానికీ దొరికే కాలం కొంచెమే. మూల కార్తెలో పొగమంచు దట్టంగా పడుతుంది. అప్పుడు పాకాలలో అయినా గోదావరి ఒడ్డున అయినా పొద్దు పొడవక ముందే చోటు చూసుకుని కూర్చోవాలి. వాలు వెలుగు ఎక్కువ సేపు నిలిచే ఈ నెలల్లోనే రేగొండ దగ్గరి పాండవుల గుట్ట ఇసుకరాతి పొరలు బాగా తేలుతాయి. అక్కడి ఆదిమ చిత్రాల మీద ఫ్లాష్ వేయడం, నీళ్ళు చల్లడం చేయకూడదు.

ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర మోదుగు కాలం. ఆకులన్నీ రాల్చుకుని ఒళ్ళంతా పూసే చెట్టును అందరూ దూరం నుంచి, నీలాకాశం ముందు తీస్తారు. నేనైతే కొమ్మ దగ్గరే ఎక్కువ సేపు కూర్చోమంటాను. నల్లని మఖమల్ లాంటి తొడిమ, దాని నుంచి చిలుక ముక్కులా వంగిన నారింజ రేకు, రేకు మీద సన్నని వెండి నూగు. తేనె కోసం గోరింకలు, తేనెపిట్టలు, ఏట్రింతలు వంతులు వేసుకుని వస్తాయి, కొన్నిటి నుదుటికి పుప్పొడి అంటుకుని ఉంటుంది. చెట్టుకు ఒక వైపు కూర్చుని ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు కదలకుండా ఉంటే ఏ పిట్ట ఏ కొమ్మకు మళ్ళీ వస్తుందో తెలిసిపోతుంది. ఆ కొమ్మ మీద ముందుగా ఫోకస్ పెట్టుకోవచ్చు. ఆరుద్ర పురుగుకు చెప్పిన ఎరుపు జాగ్రత్త ఇక్కడా అంతే అవసరం.

ఉత్తరాభాద్ర, రేవతిల్లో ఇప్ప. రాత్రి విచ్చిన పూలు తెల్లవారుజామున రాలుతాయి కనుక, చెట్టు కింద లేత పసుపు పూలు పరుచుకున్న దృశ్యం గూడెం వాళ్ళు ఏరే వేళకే దొరుకుతుంది. అడగకుండా వారి చిత్రాలు తీయవద్దు. ఇప్పపువ్వు ఎలుగుబంటికీ ఇష్టం కనుక చీకటితో ఒంటరిగా వెళ్ళవద్దు.

తరువాత రావి లేత రాగి చిగురు, భరణి, కృత్తికల్లో రేల పసుపు జల్లులు. రోహిణిలో రోళ్ళు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు. అయినా నెర్రెలిచ్చిన శిఖం, నీళ్ళు మిగిలిన మడుగు చుట్టూ చేరే జీవులు ఆ కార్తెలోనే ఉంటాయి. ఉదయం ఎనిమిదిన్నరకల్లా నీడకు చేరండి.

ఐదో మెట్టు: మనసుకు ఏదీ తట్టనప్పుడు

వస్తువు ఉన్నా ఉత్సాహం రాని వారాలు ఎవరికైనా ఉంటాయి. అప్పుడు కొత్త చోటుకు పరుగెత్తవద్దు, చూసే తీరుకు ఒక హద్దు పెట్టుకోండి. చెరువు గట్టున గజం పొడవు, గజం వెడల్పు నేల ఎంచుకుని గంటసేపు దాన్ని దాటకుండా తీయండి. లేదా ఆ రోజంతా ఒకే లెన్స్, ఒకే రంగు. లేదా కెమెరాను సంచిలోనే ఉంచి కళ్ళు మూసుకుని కూర్చుని, వినబడిన ప్రతి చప్పుడూ ఎటునుంచి వచ్చిందో పుస్తకంలో గీయండి. తీతువు ఎక్కడ అరిచిందో అక్కడ దాని గుడ్లో పిల్లలో ఉండవచ్చు, ఆ వైపు అడుగు వేయకూడదని కూడా ఆ బొమ్మ చెబుతుంది.

ఇంకొకటి, ఒకే చోట నిలబడి ప్రతి కార్తెలో ఒకే చట్రంతో తీయడం. దీనికి తాడ్వాయి అడవి కన్నా బలమైన ఉదాహరణ నాకు తోచదు. 2024 ఆగస్టు 31న, పుబ్బ కార్తెలో, తాడ్వాయి – మేడారం మధ్య వీచిన పెనుగాలికి వేలాది చెట్లు కూలిపోయాయి. పందిరి పోయిన చోట నేలకు వెలుగు పడింది. అక్కడ ఏ మొక్క లేస్తుందో, ఏ తీగ ముందు పాకుతుందో, ఏ పిట్ట మళ్ళీ వస్తుందో రోడ్డు పక్క నుంచే కార్తెకో చిత్రంగా నమోదు చేయవచ్చు. ఇటువంటి వరుస చిత్రాల విలువ అందమైన ఒక్క చిత్రం కన్నా ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను. మేడారం జాతర రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమి సమయంలో వస్తుంది, ఆ రోజుల్లో మాత్రం అటు వెళ్ళి ప్రయోజనం లేదు.

ఆరో మెట్టు: అనుమతులు, హద్దులు

ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్ వంటి రక్షిత అడవుల్లోకి చిత్రాలు తీయడానికి వెళ్ళాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి అవసరం. వానాకాలంలో పులుల అభయారణ్యాల్లో సఫారీ సాధారణంగా మూసి ఉంటుంది కనుక బయలుదేరే ముందే కనుక్కోండి. డ్రోన్ ఎగరేయాలన్న ఆలోచన అడవిలోనూ పిట్టల చెరువు మీదా మానుకోవాలి. ఆసిఫాబాద్ జిల్లాలోని పాలరాపు గుట్ట మీద గూళ్ళు పెట్టిన రాబందుల వంటి అరుదైన వాటి జోలికి గూడు కాలంలో పోనే కూడదు. ఒక్కసారి బెదిరి గూడు వదిలితే ఆ ఏటి పిల్ల ఎండకు పోతుంది. గూటి చిత్రాలతో పాటు స్థలం వివరం ఎవరికీ పంపవద్దు, ఫోన్‌లో లొకేషన్ ఆపి ఉంచండి.

ఏడో మెట్టు: చిత్రాలను కార్తెల వారీగా దాచుకోవడం

కంప్యూటర్‌లో చిత్రాలను తేదీ ప్రకారం దాచుకోవడం అందరూ చేసేదే. దానికి తోడు 27 ఫోల్డర్లు చేసి, ఏ ఏడు తీసినవైనా ఒక కార్తె చిత్రాలన్నీ ఆ కార్తె ఫోల్డర్‌లోనే వేయండి. ఫైలు పేరులో సంవత్సరం, చోటు, వస్తువు రాయండి: '2025 – ఊర చెరువు మత్తడి – నత్తగుల్ల కొంగ' అన్నట్టు. రెండో ఏడు నుంచి, కార్తె మారడానికి మూడు రోజుల ముందు రాబోయే ఫోల్డర్ తెరిచి నోటుపుస్తకంలో అదే పేజీ పక్కన పెట్టుకోండి. నిరుడు ఆలస్యంగా వెళ్ళి పోగొట్టుకున్న పువ్వు, ఎటు వెలుగు తప్పిందో, ఏ లెన్స్ చాలలేదో, ఎవరికి అచ్చు ఇస్తానని మాట ఇచ్చారో అన్నీ అక్కడే ఉంటాయి. ఆ పేజీ నుంచి ఈ పద్నాలుగు రోజులకు రెండు వస్తువులు మాత్రమే ఎంచుకుని, బ్యాటరీలు ఛార్జింగ్‌కు పెట్టి, వానాకాలమైతే సంచిలో సిలికా జెల్ పొట్లాలు మార్చి, నీరటికి ఫోన్ చేసి నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో అడగండి.